వదులైందన్న మాట

మా ఇంట్లో నా జబ్బుకు పేరు లేదు. డాక్టర్లు పెట్టిన పేరు చీటీల మీదే ఉండిపోయింది. మేం వాడుకున్నది ఒకటే మాట, పట్టుకుపోవడం. పొద్దున లేచేసరికి వేళ్ళు పట్టుకుపోతాయి, మణికట్లు పట్టుకుపోతాయి, మోకాళ్ళు పట్టుకుపోతాయి. బ్రష్ చేతిలోకి తీసుకోవాలంటే గంటసేపు ఆగాలి. కీళ్ళవాతం అంటే నొప్పే అనుకుంటారు బయటివాళ్ళు. నొప్పి ఉంటుంది, లేదనను. కానీ నొప్పికి ఒక గోలీ ఉంది. ఈ బిగుసుకుపోవడం ఉంది చూశారూ, జాకెట్ హుక్కులు ఇంకొకరి చేత పెట్టించుకోవాల్సి రావడం, అది మనిషి పరువు తీస్తుంది. అట్లా పద్నాలుగేళ్ళు గడిపాను.

మాకు పిల్లలు లేరు. బోధన్‌లో ఇద్దరమే. మా ఆయనకు నిజాంసాగర్ కాలువ కింద ఐదెకరాలుంది, కొంత చెరుకు, కొంత వరి. నేను పక్క ఊళ్ళో సర్కారు హైస్కూల్లో తెలుగు టీచర్ని. పొద్దున పొలానికి పోయే ముందు ఆయన వేణ్ణీళ్ళ బకెట్ తెచ్చి నా మంచం పక్కన పెట్టేవాడు. నా రెండు చేతులూ అందులో ముంచి, ఒక్కో వేలే మెల్లగా చాపుతూ అడిగేవాడు, "వదులైనయా?" అని. కాలేదంటే ఇంకో చెంబు వేడినీళ్ళు పోసేవాడు. అయినయ్ అంటే తువ్వాలుతో తుడిచి, బండి తీసి పోయేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో మేం ప్రేమగా చెప్పుకున్న మాట ఏదైనా ఉందంటే అది ఒక్కటే. నాకేం సిగ్గు లేదు చెప్పుకోవడానికి. నా కడుపు మంట కూడా ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

రెండేళ్ళ కింద చలికాలంలో మెడ మొదలుపెట్టింది. సరిగ్గా తలకాయ కింద, మెడ మొదట్లో నొప్పి. చెవుల వెనక నుంచి నడినెత్తి దాకా పాకేది. పేపర్లు దిద్దీ దిద్దీ వచ్చిందనుకున్నాను. మా స్టాఫ్‌రూంలో మెడనొప్పి లేని మనిషి ఎవరు గనక? పైగా మా వీధిలో మెడ పట్టిందంటే ఎవరికైనా మందుల షాపు కంటే ముందు గుర్తొచ్చేది వీధి చివరి ముసలమ్మ. అందరూ నూనె అవ్వ అంటారు. పుట్టిన పిల్లలకు స్నానాలు పోయిస్తుంది, బాలింతలకు ఒళ్ళు రుద్దుతుంది, ఎవరికైనా మెడ పడితే మెటిక విరుస్తుంది. నూనె రాసి, కాసేపు రుద్ది, ఒక చెయ్యి గదమ కింద, ఇంకో చెయ్యి తల వెనక పెట్టుకుని, మీ కోడలు ఏమంటున్నది అని ఏదో ముచ్చట పెడుతుంది. మనం జవాబు చెప్పే లోపల తల ఒక్కసారి పక్కకు తిప్పుతుంది. టక్‌మంటుంది. ఆ తర్వాత కాసేపు తల దూదిలా ఉంటుంది. వారానికోసారి మా ఇంటికొచ్చి విరిచిపోయేది.

మూడు నెలలైనా తగ్గకపోతే నిజామాబాద్‌లో నా కీళ్ళు చూసే డాక్టర్ దగ్గరికే పోయాం. ఆయన నా తల పట్టుకుని ఎంతో మెల్లగా అటూ ఇటూ చూశాడు. మెడ ముందుకు వంచి ఒకటి, పైకెత్తి ఒకటి, రెండు ఎక్స్‌రేలు తీయించాడు. అవి చూసి ఎమ్మారై కూడా కావాలన్నాడు. ఆ రిపోర్టు వచ్చిన రోజు నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మా ఆయన ఒక్కడే పోతానన్నాడు. పోయినవాడు ఏమడగాలో మర్చిపోతాడని నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. మెడకేమైంది? మందు మార్చాలా? బండి మీద కూర్చోవచ్చా? ఎప్పుడు తగ్గుతుంది? నంబర్లు వేసి మరీ రాశాను, టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

పొద్దుగూకే వేళకు వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. చాయ్ ఇస్తే సగం తాగి పెట్టాడు. డాక్టర్ ఏమన్నాడని అడిగాను.

"మెడ పైన కీలు వదులైందన్నడు" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మంచిదేనాయె గద" అన్నాడు.

మంచిదా అంటే మంచిదే మరి! పద్నాలుగేళ్ళలో నా ఒంట్లో ఒక కీలు వదులైందని ఒక డాక్టర్ అనడం అదే మొదలు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. పై నుంచి మొదలైందంటే రేపు భుజాలు, ఎల్లుండి చేతులు అనుకున్నాను. పిచ్చిదాన్ని. మర్నాడు స్టాఫ్‌రూంలో చెప్పుకున్నాను కూడా. లెక్కల మేడం మందు పనిచేస్తున్నట్టుందని సంతోషపడింది. నేను తెలుగు టీచర్ని. ఒక మాటకు రెండు అర్థాలు ఉంటాయని ప్రతి ఏడూ నానార్థాల పాఠంలో నోరు నొప్పి పుట్టేదాకా చెప్తాను. గోడలో ఇటుక వదులైనా వదులే, బండి చక్రం నట్టు వదులైనా వదులే. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం ఉండేది మరి.

ఆ తర్వాత ఆయన తీరు మారింది. బండి మీద ఎక్కించుకోవడం మానేశాడు. ఆటోలో పొమ్మన్నాడు. ఆటోలో పోతే, స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా పోలేవా అని ఆటో ఆయనతో కొట్లాట పెట్టుకున్నాడు. నా దిండు తీసేసి ఒక పలచటి దిండు తెచ్చాడు. ఒక ఆదివారం నూనె అవ్వ గేటు తీసుకుని లోపలికి వస్తుంటే అడ్డంగా నిలబడి, మా ఇంటికి మళ్ళీ రావద్దని ముఖం మీదే చెప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి నూనె గిన్నె పట్టుకుని వీధిలో నిలబడిపోయింది. ఎందుకు వద్దన్నావని అడిగితే, వద్దంటే వద్దు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వయసు మీద పడుతుంటే చాదస్తం ఎక్కువైందనుకున్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి మాట్లాడాను గానీ, ఆ పై ఆదివారం ఆయన చెరుకు తోటకు పోగానే నేనే అవ్వ ఇంటికి నడిచిపోయాను. ఆ వారమే కాదు, ప్రతి వారం. ఆయనకు చెప్పలేదు. చెప్తే మళ్ళీ గొడవ. అవ్వ తల పట్టుకునేది, ముచ్చట పెట్టేది, టక్‌మనేది, నేను హాయిగా ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం వండేదాన్ని.

వానాకాలానికి కొత్త తమాషాలు మొదలయ్యాయి. హాజరు పట్టీ మీదికి తల వంచితే వెన్నులో నుంచి మడమల దాకా కరెంటు కొట్టినట్టు జుమ్మనేది. తల ఎత్తితే పోయేది. చాక్‌పీస్ చేతిలో ఉందో లేదో తెలియకుండానే కింద పడేది. వంకర వేళ్ళు కదా, ఇంతే అనుకున్నాను. మెట్లెక్కుతుంటే కాలు ఎక్కడ పడుతుందో చూసి పెట్టాల్సి వచ్చేది. ఇవన్నీ పాత జబ్బు పాత వేషాలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మెడకేమో వదులైంది, బాగైంది అని కదా డాక్టర్ మాట. కాబట్టి మెడను నేను అనుమానించలేదు. అన్ని కీళ్ళనూ అనుమానించాను, దాన్ని ఒక్కదాన్ని వదిలేశాను.

దసరా సెలవులకు వారం ముందు, ఎనిమిదో తరగతి గది గడప దగ్గర రెండు కాళ్ళూ ఒకేసారి నావి కాకుండా పోయాయి. పడిపోయాను. నొప్పి కూడా లేదు. కాళ్ళు అక్కడే కనిపిస్తున్నాయి, నా మాట వినడం లేదు. పది నిమిషాల తర్వాత సగం వచ్చాయి. హెడ్‌మాస్టర్ కారులో నిజామాబాద్ తీసుకుపోయారు. మా ఆయన పొలం నుంచి అటే వచ్చాడు, ప్యాంటు మీద బురద మరకలతో.

డాక్టర్ నన్ను చూడగానే ముందు తిట్టాడు. హైదరాబాద్ ఎందుకు పోలేదని నన్నడిగాడు. ఏ హైదరాబాద్ అన్నాను. ఆపరేషన్‌కు అన్నాడు. ఏ ఆపరేషన్ అన్నాను. అప్పుడు ఆయన నా ముఖం చూశాడు, తర్వాత మా ఆయన ముఖం చూశాడు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. మా ఆయన నేల వైపు చూస్తున్నాడు.

మీ ఇంట్లో ఇసుర్రాయి ఉండేదా అని అడిగాడు డాక్టర్ నన్ను. వేల్పూర్ దగ్గర మా తల్లిగారింట్లో ఉండేది, పసుపు కూడా దాంట్లోనే విసిరేవాళ్ళం. కింది రాయికి నడుమ గుంజ ఉంటుంది, పై రాయి దాని చుట్టూ తిరుగుతుంది. మెడలో పై రెండు ఎముకలూ అంతే అన్నాడు. పైది ఉంగరం, కిందిదానికి గుంజ. తల అటూ ఇటూ తిరిగేది అక్కడే. ఆ గుంజ పక్కకు జరగకుండా ఒక గట్టి పట్టీ కట్టి ఉంటుంది. కీళ్ళవాతం ఏళ్ళ తరబడి తింటూ పోతే ఆ పట్టీ వదులవుతుంది. అప్పుడు తల వంచినప్పుడల్లా పై ఎముక ముందుకు జారుతుంది, గుంజ వెనక్కొచ్చి వెన్నుపామును నొక్కుతుంది. నీ వేళ్ళకు వదులు కావడం మంచిది తల్లీ, నీ మెడకు కాదు అన్నాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు, ఎవరితోనైనా మెడ విరిపించుకున్నావా అని.

ప్రతి ఆదివారం అన్నాను.

మా ఆయన అప్పుడు తలెత్తాడు. "వద్దన్న గద నేను. వద్దంటె మళ్ల పోయినవా?"

"ఎందుకు వద్దో చెప్పినవా?" అన్నాను.

డాక్టర్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. నేను రాసిచ్చిన చీటీ ఏదని మా ఆయనను అడిగాను. దాని వెనకాలే నా చేత్తో రాసిచ్చాను కదా అన్నాడు డాక్టర్ అటు తిరిగే. మా ఆయన పర్సు తీశాడు. నాలుగు మడతల మీద ఉంది. పారేయలేదు. పారేసి ఉంటే, పోగొట్టుకున్నాడు, మర్చిపోయాడు అని నమ్మడానికైనా నాకు ఒక సందు ఉండేది. ముందు వైపు నా నాలుగు ప్రశ్నలు. వెనక డాక్టర్ రాసినవి. మెడ పై కీలు వదులైంది, ప్రమాదం. మెడ విరవరాదు, మర్దన చేయరాదు. బండి వద్దు, కుదుపులు వద్దు. ఆపరేషన్ అవసరం, ఆలస్యం చేయవద్దు. మొదటి వాక్యంలో సగం విరిచి ఇంటికి తెచ్చాడు నా మొగుడు. ఏడు నెలలు మిగతా సగం తన జేబులో పెట్టుకుని, నా పక్కన పడుకున్నాడు.

తెలివి లేక చేశాడా అంటే కాదు. ప్రమాదం అన్న మాట చదవలేని మనిషి కాదు. పాపం ఒక ముసలమ్మను గేటు దగ్గర నుంచి తరిమేసేంత బాగా అర్థమైంది ఆయనకు. ఒక్క వాక్యం నోట్లో నుంచి రాలేదు గానీ. అబద్ధం ఆడటానికి ఆయనకు లోకంలో వేరే మాటలే దొరకలేదా? మెడకేం కాలేదని చెప్పొచ్చు. నొప్పి దానంతటదే పోతుందట అని చెప్పొచ్చు. ఏరి ఏరి, ప్రతి పొద్దునా వేణ్ణీళ్ళలో నా వేళ్ళు పట్టుకుని అడిగే మాటే తీసి వాడాడు. ఆ మాట వింటే నేను ఇంకో ప్రశ్న అడగనని ఆయనకు తెలుసు. నాకు ఎక్కడ మంట అంటే అక్కడ.

వరండాలో బెంచీ మీద, నా మెడకు గట్టి పట్టీ కట్టి కూర్చోబెట్టాక, ఎందుకు చేశావని అడిగాను. ప్యాంటు మీది బురద గోకుతూ చెప్పాడు, "నీకు చెప్తె నువ్వు ఆపరేషన్‌కు సై అంటవ్. నాకెరుకే. భయపడేదానివైతె చెప్తుంటి."

మళ్ళీ చదవండి ఆ మాట. నేను భయపడతానని దాచలేదు. నేను భయపడనని దాచాడు. భయం ఆయనది. వాళ్ళ బాపు కడుపు ఆపరేషన్‌కు తన కాళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి పోయి, బయటికి తెల్లగుడ్డలో వచ్చాడు. ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు తెలియని సంగతి కాదు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వెన్నుపాము పక్కన మరలు బిగిస్తామంటే ఆయన గుండె జారిపోయింది. అర్థం చేసుకోగలను. కానీ అది నా మెడ. వాళ్ళ బాపు కడుపు కాదు. ఆయన భయానికి నా కాళ్ళు ఎందుకు పణం పెట్టాలి? అదే అడిగాను. ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే తల వంగుతుంది, తల వంచొద్దన్నాడు డాక్టర్.

హైదరాబాద్‌కు పోయే ముందు రోజు నూనె అవ్వ వచ్చింది. వీధిలో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆమె లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడి, నా మెడ పట్టీ వైపు చూస్తూ మా ఆయనతోనే మాట్లాడింది. "నాకొక్క ముచ్చట చెప్తె అయిపోవు గదనె బిడ్డా. గీ బిడ్డ పానం నా చేతుల పెట్టినవ్, నాకు ఎరుక లేకుంట." అంత మాట అనేసి, నాతో ఏమీ అనకుండా పోయింది. ఆ తర్వాత ఆమె ఎవరి మెడా ముట్టుకోలేదని విన్నాను. ఆమెతో నేనూ అబద్ధమే ఆడాను నిజానికి. మా ఆయనకు చెప్పే వచ్చానని ప్రతి ఆదివారం చెప్పాను. ఆ పాపంలో నా వంతు నాకుంది. నేను ఒప్పుకుంటాను, ఎవరూ పర్సులో నుంచి తీయించాల్సిన పని లేదు.

హైదరాబాద్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసే డాక్టర్ నన్ను చూసి, ఎక్స్‌రేలు చూసి, మా ఆయనను ఒక నిమిషం బయటికి రమ్మన్నాడు. మా ఆయన లేవబోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఏదైనా నా ముందటే చెప్పండి సార్ అన్నాను. అలవాటు లేనట్టుంది ఆ డాక్టర్‌కు, కాస్త తడబడి, తర్వాత కూర్చుని చెప్పాడు. రెండు ఎముకలనూ మరలతో కలిపేస్తారు. ఇక అవి జారవు. తల మాత్రం మునుపటిలా తిరగదు, సగమే తిరుగుతుంది. కాళ్ళు నిలబడతాయనే అనుకుంటున్నానన్నాడు. కుడిచేయి గురించి అడిగాను. చేతిని అటూ ఇటూ చూసి, ఈ మొద్దుబారడం చాలా నెలల నుంచి ఉన్నట్టుంది, ఇది తిరిగి రాకపోవచ్చు అన్నాడు. ఏడు నెలల కింద వచ్చి ఉంటేనో అని అడిగాను. అప్పుడైతే చేతికి ఏమీ అయి ఉండేది కాదేమో అన్నాడు. ఆయనకేం తెలుసు ఈ ఇంటి సంగతి. మామూలుగా చెప్పాడు.

నర్సు కాగితాలు తెచ్చింది. అన్నీ చదివాను, వరసగా. చావు అన్న మాట రెండు చోట్ల ఉంది, అదీ చదివాను. సంతకం దగ్గరికొచ్చేసరికి పెన్ను వేళ్ళ మధ్య నిలబడలేదు. మూడుసార్లు జారి పడింది. మా ఆయన నేను పెడతా అని ముందుకొచ్చాడు. వద్దన్నాను. నర్సు ఇంకు ప్యాడ్ తెచ్చింది. ఇరవై రెండేళ్ళు ఎవరెవరి పిల్లలకో అక్షరాలు దిద్దించిన దాన్ని, వేలిముద్ర వేసి లోపలికి పోయాను.

బతికాను. కాళ్ళున్నాయి. ఎవరైనా పక్కన నుంచి పిలిస్తే భుజాలతో సహా మొత్తం తిరగాలి. కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు నావి కావు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాను. ఒకటో తరగతి పిల్లల్లా పెద్ద పెద్ద అక్షరాలొస్తాయి. ఆయన పొద్దున వేణ్ణీళ్ళు పెడతాడు ఇప్పటికీ. చేతులు నేనే ముంచుకుంటాను. అడగవద్దని ఒక రోజు చెప్పాను, అడగడం లేదు. మా వాళ్ళంతా క్షమించు అంటారు. నీ మీద ప్రేమతోనే కదా దాచాడు అంటారు. ఉండొచ్చు. ప్రేమ లేదని నేనెప్పుడన్నాను? నాకు లేకుండా పోయింది ప్రేమ కాదు.

మొన్న ఆయనకు దగ్గు ఎక్కువైతే నిజామాబాద్ పోయి ఛాతీ ఎక్స్‌రే తీయించుకొచ్చాడు. ఏమన్నాడని అడిగితే, సిగరెట్ మానమన్నడు, మందు రాసిండు, గంతే అన్నాడు. సరే అన్నాను. మర్నాడు స్కూల్ నుంచి ఇంటికి రాకుండా బస్సెక్కి నిజామాబాద్ పోయాను. ఆ దవాఖానాలో గంట కూర్చుని, ఆయన పేరు చెప్పి, ఎక్స్‌రే చూపించమని అడిగాను. డాక్టర్ తీసి చూపించాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. సిగరెట్ మానమన్నాడు, మందు రాశాడు, అంతే. అన్నం తింటున్నప్పుడు ఆ సంగతి ఆయనకు చెప్పాను.

ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగింది. "నువ్వు పోయి అడిగినవా?"

"అడిగిన" అన్నాను.

ఆయన పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను ఎడమ చేత్తో నా అన్నం ముగించాను.